వైరస్ జన్యుక్రమాలు చదివే పని: హనుమకొండ తండ్రికి జవాబు

హనుమకొండలో పురుగుమందుల దుకాణం నడుపుతున్న ఒక తండ్రి రాశారు. మైక్రోబయాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న కూతురు, వైరస్‌ల జన్యుక్రమాలను (జన్యుపదార్థంలోని అక్షరాల వరుసలను) విశ్లేషించి తోటి పరిశోధకులకు అందుబాటులో ఉంచే రంగంలోకి వెళ్తానంటోందట. జీవాయుధాల మాట కూడా చెవిన పడేసరికి ఆయనకు బెంగ పట్టుకుంది. అసలిది ఉద్యోగమేనా అని అడిగారు.

అయ్యా, ఇది ఉద్యోగమే. 2020 జనవరిలో చైనా నుంచి కరోనా వైరస్ జన్యుక్రమం బహిరంగంగా వెలువడింది కనుకనే, రోగి నమూనా చేతిలో లేని దేశాలు సైతం పరీక్షల, టీకాల తయారీకి పూనుకోగలిగాయి. ఆ వైరస్ జన్యుక్రమాలను చదివేందుకు అదే ఏడాది డిసెంబరులో మన దేశంలో ఏర్పడిన ఇన్సాకాగ్ ప్రయోగశాలల కూటమిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు ఉన్నాయి.

జన్యు సమాచారాన్ని భద్రపరిచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైట్ నుంచి ఆ కరోనా జన్యుక్రమాన్ని దించి మీకు చూపించమని అమ్మాయిని అడగండి, డబ్బు కట్టనక్కరలేదు. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే 29,903 స్థానాల్లో పరుచుకుని, చివరన వరుసగా ‘ఏ’లతో ముగుస్తాయి. అక్షరాలను యంత్రం చదివిపెడుతుంది. నమూనాను ఏ తేదీన, ఏ ఊళ్లో సేకరించారో నమోదు చేయాల్సింది మాత్రం మనిషి. ఆ తేదీ తప్పితే కొత్త రకం ఎక్కడ పుట్టి ఎటు పాకిందన్న లెక్క మొత్తం తారుమారవుతుంది. మందు డబ్బా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ రిజిస్టరులో ఎక్కించే మీకు ఇది వేరే చెప్పాలా!

మీ బెంగ అకారణం కాదు. 1918 నాటి ఫ్లూ వైరస్ పూర్తి జన్యుక్రమాన్ని 2005లో ప్రచురించినప్పుడు, టీకా పరిశోధనకు పనికొచ్చేది దుర్మార్గుల చేతికీ చిక్కుతుందని పెద్ద చర్చే నడిచింది. అందువల్ల ఏది అందరికీ తెరవాలి, ఏది నియంత్రణలో ఉంచాలి అన్న విచక్షణ కూడా ఈ వృత్తిలో భాగమే. ముక్కు నుంచి తీసిన నమూనాలో రోగి సొంత డీఎన్‌ఏ కూడా ఉంటుంది. రోగి గోప్యత కోసం, డేటాను పంచుకునే ముందు దానిని తొలగించాలి.

ఎమ్మెస్సీకి కాకతీయ విశ్వవిద్యాలయంలోనైతే తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్, దేశవ్యాప్త సీట్లకైతే బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్ష గ్యాట్-బి రాయించండి. ఈలోగా లినక్స్ (కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), గణాంకశాస్త్రం మొదలుపెట్టమనండి. వేలకు వేలు గుంజే నెల రోజుల సర్టిఫికెట్ కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. ఒక కష్టం దాచను: తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టులకు ముడిపడినవే, ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ఆగుతుంది. స్థిరపడాలంటే పరిశోధన ఫెలోషిప్‌కు రాసే జాతీయ పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్, ఆపైన పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సి రావచ్చు; మరో అయిదారేళ్లు ఇంటి నుంచి ఆసరా ఇవ్వగలరో లేదో ఆమెతో ఇప్పుడే మాట్లాడుకోండి.