హైపర్‌సోనిక్ మిస్సైల్ వస్తే ఓడ పనైపోయినట్టేనా?

ప్రశ్న: మా అన్నయ్య నేవీలో ఉన్నాడు. ఈమధ్యే డిస్ట్రాయర్ మీద పోస్టింగ్ వచ్చింది. యూట్యూబ్‌లో ‘ఒక్క హైపర్‌సోనిక్ మిస్సైల్ చాలు, ఎంత పెద్ద యుద్ధనౌకైనా మటాష్’ అనే వీడియోలు చూసి అమ్మకు ఒకటే టెన్షన్. అందులో నిజమెంత సార్?
- డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: తల్లీ, ప్రమాదం లేదని చెప్పను, ఉంది. కాకపోతే ఆ వీడియోలవాళ్లు చెప్పే చోట లేదు. వాళ్లు వేగం ఒక్కటే చూపిస్తారు. ధ్వని కంటే ఐదు రెట్లు, అంతకుమించి వేగంగా వెళ్తే హైపర్‌సోనిక్ అంటాం. రష్యా జిర్కాన్, చైనా వైజే-21 ఆ కోవలోవే.

నేను నేవీలో రాడార్ ప్లాటర్‌గా చేసి రిటైరయ్యాను. ఆప్స్ రూమ్‌లో, అంటే ఓడలో పోరాటం నడిపించే గదిలో, స్క్రీన్ ముందు కూర్చునే మాకు మిస్సైల్ ఎంత వేగంగా వస్తోందన్నదానికంటే ఎంత ఎత్తులో వస్తోందన్నదే ముఖ్యం. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి, నీటికి 25 మీటర్ల పైనున్న రాడార్‌కు, అలల మీద 5 మీటర్ల ఎత్తున వచ్చే మిస్సైల్ దాదాపు 30 కి.మీ. దగ్గరికి వస్తే గానీ కనపడదు. అది ధ్వనికంటే నెమ్మదిగా వచ్చేదైతే మన చేతిలో 100 సెకన్లు ఉంటాయి. ధ్వనికి దాదాపు మూడు రెట్లు వేగంతో వచ్చే బ్రహ్మోస్ లాంటిదైతే 30. హైపర్‌సోనిక్ మిస్సైల్ అలా నీళ్లను రాసుకుంటూ రాలేదు. కింది గాలి దట్టం, ఆ వేగానికి ఒళ్లు కాలిపోతుంది. అందుకే ప్రయాణమంతా 20, 30 కి.మీ. ఎత్తున చేస్తుంది. చెరువుగట్టు చాటున నక్కి వచ్చే దొంగకూ, తాటిచెట్టు మీంచి దూకే దొంగకూ ఉన్నంత తేడా ఇది. పైనుంచి వచ్చేదాన్ని 300 కి.మీ. దూరంలో పట్టుకున్నా, సెకనుకు 2 కి.మీ. లెక్కన మనకు 150 సెకన్లు దొరుకుతాయి. నీళ్ల మీద నెమ్మదిగా వచ్చేదానికంటే ఎక్కువ!

అయితే ఆ 150 సెకన్లూ సుఖంగా గడవవు. దారిలో అది పక్కకు తిరగగలదు, ఎక్కడ దూకుతుందో చివరిదాకా తేలదు. ఆఖరి 30 కి.మీ. పదిహేను, ఇరవై సెకన్ల పని. అప్పుడు మనిషి ఆలోచించే వ్యవధి ఉండదు, కంప్యూటరే నిర్ణయించాలి.

ఇప్పుడు దాన్ని వదిలేవాడి వైపు నుంచి చూడు. 1,500 కి.మీ. దూరం నుంచి వదిలాడనుకుందాం. వచ్చేసరికి పన్నెండు నిమిషాలకు పైనే. ఈలోగా 30 నాట్ల (గంటకు 55 కి.మీ.) వేగంతో పోయే ఓడ 11 కి.మీ. జరిగిపోతుంది. ఓడ ఫలానా చోట ఉందన్న కబురే గంట పాతదైతే, 9,500 చదరపు కి.మీ. సముద్రంలో వెతుక్కోవాలి. శాటిలైట్ చూడాలి, విమానం నిర్ధారించాలి, ఆ కబురు లాంచర్‌కు అందాలి, చివర్లో ఎర్రగా కాలుతున్న మిస్సైల్ ముక్కులో గురిని వెతికే సీకర్ ఓడను గుర్తుపట్టాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా అది నీళ్లలో పడ్డట్టే. నేవీలు ఎంతో ఖర్చుపెట్టేది ఈ లంకెలు తెంచడానికే.

ఎర్ర సముద్రంలో జరిగింది చూడు. ఓడల మీదికి బాలిస్టిక్ మిస్సైళ్లు (అవీ పైనుంచి మహా వేగంగా దూకేవే) యుద్ధంలో తొలిసారి వాడింది అక్కడే, 2023 చివర్లో, యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు. అమెరికా డిస్ట్రాయర్లు చాలావాటిని కూల్చాయి, ఆ డిస్ట్రాయర్లలో ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. తగిలింది వర్తక నౌకలకు. అవి ఎక్కడున్నాయో వాటిలోని ఏఐఎస్ అనే పరికరం సిగ్నలే లోకానికి చెబుతూ ఉంటుంది, తిప్పికొట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ అలాగే అంటుకుంది. అందులో 22 మంది మనవాళ్లే. మంటలార్పడానికి వెళ్లింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం.

నన్నడిగితే, అమ్మగారు భయపడాల్సింది పాతకాలపు నెమ్మది మిస్సైల్‌కే. 2022 ఏప్రిల్‌లో రష్యా యుద్ధనౌక మాస్క్వా మునిగింది ఉక్రెయిన్ వదిలిన రెండు నెప్ట్యూన్ మిస్సైళ్లతో, అవి ధ్వని వేగం కూడా దాటవు. (మందుగుండు అంటుకుందని రష్యా అంటుంది. సరే.) 1967లో సోవియట్ తయారీ స్టిక్స్ మిస్సైళ్లు ఇజ్రాయెల్ నౌక ఈలాత్‌ను ముంచినప్పుడూ పెద్ద ఓడల కాలం చెల్లిందన్నారు. 1971 డిసెంబర్ 4 రాత్రి అదే స్టిక్స్‌తో మనవాళ్లు కరాచీ దగ్గర పాకిస్తాన్ యుద్ధనౌక ఖైబర్‌ను ముంచారు. 1973లో తన తీరంలోని లటాకియా దగ్గర సిరియా వాటినే ఇజ్రాయెల్ మీద వదిలితే ఒక్కటీ తగల్లేదు. రాడార్‌ను ఏమార్చే చాఫ్, జామింగ్ అప్పటికే వచ్చేశాయి.

నాకున్న బెంగ వేరే. మీ అన్నయ్య ఓడ విశాఖపట్నం క్లాస్‌దైతే దాని గొట్టాల్లో, వచ్చే మిస్సైళ్లను కూల్చే బరాక్-8లు 32. శత్రువు అన్నిరకాలూ కలిపి 40 ఒకేసారి వదిలితే? నడిసముద్రంలో మళ్లీ నింపుకోవడం కుదరదు, రేవుకు రావాల్సిందే. వేగం కంటే ఆ లెక్కే పెద్ద తలనొప్పి.

ప్రశ్న: మన దేశం దగ్గర హైపర్‌సోనిక్ ఉందా?
- పాఠకుడు, వరంగల్

జవాబు: 2024 నవంబర్ 16న ఒడిశా తీరంలోని కలాం ద్వీపం నుంచి 1,500 కి.మీ. దాటి వెళ్లే హైపర్‌సోనిక్ మిస్సైల్‌ను డీఆర్‌డీవో పరీక్షించింది. ముఖ్యంగా చేసింది హైదరాబాద్ ల్యాబ్‌లే. దాని ఫొటో అందరూ స్టేటస్ పెట్టుకున్నారు. ఓడను వెతికిపెట్టే పీ-8ఐ విమానాల్లో మొదటి దళం 2013 నుంచి తమిళనాడులోని అరక్కోణంలో ఉంది, వాటి ఫొటో ఎవరూ పెట్టుకోరు.