రాడార్‌కు కనిపించేది వాన, గాలి కాదు

ప్రశ్న: ఒకసారి మేఘాలను తప్పించుకోవడానికి దారి మళ్లుతున్నామని పైలట్ ప్రకటించారు. మరోసారి ఆకాశం నిర్మలంగా ఉండగానే, ఏ హెచ్చరికా లేకుండా విమానం గట్టిగా కుదిపేసింది. మొదటిసారి ముందే తెలిసిన ప్రమాదం రెండోసారి ఎందుకు తెలియలేదు? అసలు పైలట్లు ప్రమాదకర వాతావరణాన్ని ఎలా గుర్తిస్తారు?

జవాబు: విమానం ముక్కులో అమర్చిన వాతావరణ రాడార్ పంపే తరంగాలు మేఘంలోని నీటిబొట్లకు తగిలి వెనక్కి వస్తాయి, వాన జోరును బట్టి తెరపై ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు కనిపిస్తాయి. నిర్మలాకాశంలో తరంగాలు తగలడానికి నీటిబొట్లే ఉండవు కనుక, జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున అతివేగంగా వీచే గాలి ప్రవాహం) అంచుల్లో వేర్వేరు వేగాలతో వీచే గాలి పొరల మధ్య పుట్టే కుదుపులను ఆ రాడార్ పసిగట్టలేదు. అక్కడ పైలట్‌కు ఆధారం బయలుదేరే ముందు అందిన వాతావరణ అంచనాలు, అదే దారిలో ముందు వెళ్లిన పైలట్లు రేడియోలో చెప్పే కబురు. కుదుపులు మొదలైతే వేగాన్ని ఆ విమానానికి నిర్దేశించిన మేరకు సర్దుకుని, ఎత్తు మార్చడానికి ఏటీసీ (నేలపై నుంచి విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) అనుమతి కోరతారు. సీటులో ఉన్నంతసేపూ బెల్టు పెట్టుకోమనడం అందుకే.

ఉరుముల మేఘం రాడార్‌కు కనిపిస్తుంది కానీ, ఆ తెరను చదవడం తేలిక కాదు. మేఘం పైభాగంలో ఉండే మంచు స్ఫటికాల నుంచి తరంగాలు బలహీనంగా తిరిగివస్తాయి కనుక, ఎత్తున ఎగిరే పైలట్ యాంటెన్నాను కిందికి వంచి వాన దట్టంగా ఉన్న భాగాన్ని వెతకాలి. కొత్త రాడార్లు ఈ పని తామే చేస్తాయి. అంతకన్నా మోసకరమైనది ఎరుపు వెనక కనిపించే నలుపు. జోరువాన తరంగాలను మింగేస్తే దాని వెనకున్న మరో ఉరుముల మేఘం తెరపైకి రాదు. ఆ నలుపును ఖాళీ దారి అనుకుని దూరితే చిక్కుల్లో పడ్డట్టే. అందుకే తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 37 కిలోమీటర్లు ఎడంగా, వీలైతే గాలి వచ్చే వైపు నుంచి వెళ్తారు. రెండోవైపు మేఘం బయట కూడా వడగళ్లు పడవచ్చు. ఆలస్యమైందని విసుక్కునే ప్రయాణికులకు ఈ లెక్క కనిపించదు.

నేలకు దగ్గరలో పొంచి ఉండేది మైక్రోబరస్ట్, అంటే మేఘం నుంచి నిట్టనిలువుగా దిగి నేలను తాకి నలువైపులా చిమ్మే గాలి. దిగుతున్న విమానానికి మొదట ఎదురుగాలి పెరిగి అంతా సవ్యంగానే ఉన్నట్టనిపిస్తుంది. క్షణాల్లో పైనుంచి గాలి నొక్కుతుంది, ఆపై వెనకగాలి తగిలి రెక్కలకు ఎత్తే బలం పడిపోతుంది. 1985 ఆగస్టు 2న అమెరికాలోని డాలస్–ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం వద్ద డెల్టా 191 విమానం ఇలాగే కూలి 137 మంది మరణించారు. ఆ తర్వాత అమెరికా విమానయాన సంస్థల జెట్ విమానాల్లో విండ్ షియర్ (గాలి వేగం, దిశ హఠాత్తుగా మారడం) హెచ్చరిక వ్యవస్థలు తప్పనిసరి అయ్యాయి. విండ్ షియర్‌లో చిక్కుకున్నట్టు హెచ్చరిక వినిపించగానే పైలట్ ఇంజిన్లకు పూర్తి శక్తినిచ్చి, ముక్కు పైకెత్తి, దిగే ప్రయత్నం మానుకుంటారు. అప్పుడు చక్రాలను మాత్రం లోపలికి ముడవరు. వాటి తలుపులు తెరుచుకుంటే గాలి నిరోధం ఇంకా పెరుగుతుంది.