చేతిలో చిట్టీ ఉందా, లేదా: క్లాస్ మెథడ్‌కీ ఇన్‌స్టాన్స్ మెథడ్‌కీ తేడా

తమ్ముడూ, నువ్వు నల్గొండలో బీటెక్ చివరి సంవత్సరం, ప్రాజెక్టు రూబీ ఆన్ రైల్స్‌లో, అంటే రూబీ భాషలో వెబ్ ప్రోగ్రామ్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లో, చేస్తున్నానని రాశావు. క్లాస్ మెథడ్ క్లాస్‌ది, ఇన్‌స్టాన్స్ మెథడ్ ఆబ్జెక్ట్‌ది అని పరీక్షలో రాయగలవు. కానీ మోడల్ ఫైల్ తెరిచి కొత్త మెథడ్ మొదలుపెట్టగానే ముందు 'సెల్ఫ్.' పెట్టి దాన్ని క్లాస్ మెథడ్ చెయ్యాలా వద్దా అని చెయ్యి ఆగిపోతోంది. పెడితే ఒక పేజీలో, పెట్టకపోతే ఇంకో పేజీలో 'అన్‌డిఫైన్డ్ మెథడ్' అని ఎర్రర్ వస్తోంది. నీ ప్రశ్న ఇదే కదా.

తప్పు నీది కాదు. మన పుస్తకాల్లో ఈ పాఠం కుక్క, కారు ఉదాహరణలతో మొదలై అక్కడే అయిపోతుంది. కుక్క మొరుగుతుంది, కారు నడుస్తుంది, సరే. వెబ్ ప్రోగ్రామ్‌లో క్లాస్ వెనుక డేటాబేస్‌లో ఒక టేబుల్ ఉంటుంది, ఆబ్జెక్ట్ అంటే ఆ టేబుల్‌లో ఒక వరుస. ఆ సంగతి కుక్క చెప్పదు.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ప్రోగ్రామ్‌ను కొంతకాలం నేనే చూసుకున్నాను, అదీ రైల్స్‌లోనే. దాంతోనే చెప్తాను. కోత కాలంలో సాగర్ ఎడమ కాలువ కింద ఊళ్ల నుంచి సన్నవడ్ల ట్రాక్టర్లు మిల్లు గేటు ముందు వరుస కడతాయి. ట్రాక్టర్ నిండుగా కాంటా ఎక్కుతుంది, ఒక తూకం. వడ్లు దించాక ఖాళీ బండి మళ్లీ ఎక్కుతుంది, ఇంకో తూకం. మధ్యలో గుమస్తా తేమ మీటరు పెట్టి శాతం రాసుకుంటాడు. చివరికి రైతు చేతికి ఒక చిట్టీ వస్తుంది. ప్రోగ్రామ్‌లో ఆ చిట్టీ పేరు 'స్లిప్'. అదే మోడల్ క్లాస్, టేబుల్‌లో ఒక్కో వరుస ఒక్కో చిట్టీ.

ఇప్పుడు 'నెట్_వెయిట్' అనే మెథడ్ రాయాలి: నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసెయ్యాలి. ఎవరి నిండు తూకం? ఫలానా చిట్టీది. ఆ చిట్టీ చేతిలో లేకుండా ఈ ప్రశ్నకు అర్థమే లేదు. కాబట్టి ఇది ఇన్‌స్టాన్స్ మెథడ్, 'సెల్ఫ్.' అక్కర్లేదు. అదే 'ఈ రోజు ఎన్ని చిట్టీలు తెగాయి' అనే లెక్క ఏ ఒక్క చిట్టీని అడిగినా చెప్పలేదు, దాన్ని క్లాస్‌నే అడగాలి. 412వ నంబరు చిట్టీ తెచ్చిపెట్టు అనేదీ అంతే. చిట్టీ ఇంకా చేతికి రాలేదు కాబట్టి 'స్లిప్.ఫైండ్(412)' అని క్లాస్ మీదే పిలుస్తాం. కొత్త చిట్టీ పుట్టించే 'న్యూ', 'క్రియేట్' కూడా అందుకే క్లాస్ వైపు ఉంటాయి.

తేమ దగ్గర రెండూ కలుస్తాయి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు 17 శాతం వరకు తేమ ఒప్పుకుంటారు. మిల్లుకు నేరుగా అమ్మితే తేమను బట్టి రేటు బేరం. ప్రోగ్రామ్‌లో ఆ 17 అనే హద్దు అన్ని చిట్టీలకూ ఒకటే, అది క్లాస్‌లో కాన్‌స్టంట్‌గా ఉండాలి. మీటరు చూపించిన తేమ మాత్రం ఆ బండిదే. 'తేమ హద్దు దాటిందా' అనే మెథడ్ ఇన్‌స్టాన్స్‌ది, క్లాస్‌లో ఉన్న హద్దును అది చదువుకుంటుంది. కింద నుంచి పైకి చూడటం తేలిక. పై నుంచి కిందికి, అంటే క్లాస్ మెథడ్ లోపల కూర్చుని 'తేమ ఎంత' అని అడిగితే, ఏ బండిదని రూబీ బిక్కమొహం వేస్తుంది.

నువ్వు ఎక్కువగా తట్టుకుని పడుతున్నది బహుశా ఇంకోచోట. 'స్లిప్.వేర్' అని రైతు పేరుతో వెతికావనుకో. ఆ రైతుకు ఒక్క చిట్టీయే ఉన్నా సరే, తిరిగొచ్చేది చిట్టీ కాదు, రిలేషన్, అంటే ఆ వెతుకులాటకు సరిపోయే చిట్టీల కట్ట. దాని మీద 'నెట్_వెయిట్' పిలిస్తే ఎర్రర్ ఖాయం. 'ఫస్ట్' అని ఒకటి తీసుకుంటేనే చిట్టీ చేతికి వస్తుంది. చిత్రం ఏమిటంటే, నువ్వు రాసిన క్లాస్ మెథడ్‌లు ఆ రిలేషన్ మీద చక్కగా పనిచేస్తాయి. 'టోటల్_నెట్' అని క్లాస్ మెథడ్ రాసుకుంటే అది మొత్తం టేబుల్ మీదా నడుస్తుంది, ఒక్క రైతు చిట్టీల మీదా నడుస్తుంది, నిన్నటి చిట్టీల మీదా నడుస్తుంది. రైల్స్‌లో నాకు బాగా నచ్చిన సౌకర్యాల్లో ఇదొకటి.

ఎర్రర్‌ను చివరిదాకా చదువు. రూబీ 3.3 నుంచి సందేశం స్పష్టంగా ఉంటోంది: 'ఫర్ క్లాస్ స్లిప్' అంటే ఇన్‌స్టాన్స్ మెథడ్‌ను క్లాస్ మీద పిలిచావు, 'ఫర్ యాన్ ఇన్‌స్టాన్స్ ఆఫ్ స్లిప్' అంటే క్లాస్ మెథడ్‌ను చిట్టీ మీద పిలిచావు. స్లిప్ పక్కన 'యాక్టివ్‌రికార్డ్_రిలేషన్' అని కనిపిస్తే పైన చెప్పిన గొడవే. 'ఫర్ నిల్' అని ఉంటే అసలు చిట్టీయే దొరకలేదు. 'ఫైండ్_బై' దొరక్కపోతే నిల్ ఇచ్చి ఊరుకుంటుంది, 'ఫైండ్' అయితే దొరకలేదని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇవేవీ కాకపోతే స్పెల్లింగ్ చూసుకో.

ఇక ఆ మిల్లులో జరిగింది చెప్తాను, ఎందుకంటే పరీక్షలో రాని తేడా ఇక్కడుంది. నాకంటే ముందు రాసినాయన, 'ప్రస్తుతం కాంటా మీదున్న బండి నంబర్'ను రెండు '@' గుర్తులు పెట్టే క్లాస్ వేరియబుల్‌లో దాచాడు. ప్రతి మెథడ్‌కూ పంపే పని తప్పుతుందని కాబోలు. ఆయన ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే నడిచింది, వాడేది ఒక్కడే కదా. మిల్లులో కంప్యూటర్లు రెండు. సీజన్ మొదలై ఇద్దరు గుమస్తాలూ ఒకేసారి కూర్చోగానే ఒక రైతు చిట్టీ మీద వెనకాల నిలబడ్డ బండి నంబర్ అచ్చయింది. కాంటా దగ్గర అరుపులు. రైతుకేమో మిల్లువాళ్లు మోసం చేస్తున్నారని అనుమానం, గుమస్తాకేమో నేను సరిగ్గానే కొట్టానని కోపం, ఓనర్ ఫోన్ నాకు. రెండు బ్రౌజర్లు పక్కపక్కన తెరిచి ఇద్దరి పనీ నేనే చేస్తే తప్ప తప్పు దొరకలేదు.

కారణం ఇది. రైల్స్ సర్వర్ ప్రాసెస్ ఒక రిక్వెస్ట్ అయిపోగానే చచ్చిపోదు, బతికే ఉంటుంది. క్లాస్ కూడా ఆ ప్రాసెస్‌లో ఒక్కటే, ఎందరు వాడినా అదే. అందులో దాచింది తర్వాత వచ్చినవాడికి కనిపిస్తుంది, వాడు మార్చింది నీకూ తగులుతుంది. రిక్వెస్ట్‌ను అందుకుని జవాబిచ్చే కంట్రోలర్ అలా కాదు, రైల్స్ ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కంట్రోలర్ ఆబ్జెక్ట్‌ను తయారుచేస్తుంది, అందుకే ఒక్క '@' పెట్టి అక్కడ దాచుకున్నది ఒకరిది ఇంకొకరికి అంటదు. బండి నంబర్‌ను చిట్టీలోకే మార్చాను, గొడవ సద్దుమణిగింది. పైథాన్‌లో రైల్స్ లాంటిదైన జాంగో వాడినా ఇదే ప్రమాదం. మామూలు పద్ధతిలో నడిచే పీహెచ్‌పీలో రిక్వెస్ట్ ముగిస్తే స్టాటిక్ వేరియబుల్స్ కూడా పోతాయి, అందుకే అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఈ గుంటలో తేలిగ్గా పడతారు. క్లాస్ మెథడ్ రాయడానికి భయపడకు, క్లాస్‌లో మారే డేటా దాచడానికి మాత్రం భయపడు.

పేజీ నెమ్మదించే సంగతి కూడా దీనికి ముడిపడి ఉంది. సీజన్ మొత్తం తూకం కావాలని ఒక్కో చిట్టీ మీద 'నెట్_వెయిట్' పిలిచి కూడితే, చిట్టీలన్నీ డేటాబేస్‌లోంచి మెమరీలోకి రావాలి. క్లాస్ మెథడ్‌లో 'సమ్' వాడితే కూడిక డేటాబేస్‌లోనే అయిపోయి ఒక్క అంకె వస్తుంది. అలాగని అన్నీ క్లాస్ వైపు నెట్టకు. ఒక చిట్టీ మీద 'అప్‌డేట్' పిలిస్తే, ఖాళీ తూకం నిండు తూకం కంటే ఎక్కువ ఉండకూడదు లాంటి వ్యాలిడేషన్లు నడుస్తాయి. 'అప్‌డేట్_ఆల్' నేరుగా డేటాబేస్‌కు వెళ్లిపోతుంది, వ్యాలిడేషన్లూ, సేవ్ చేసేటప్పుడు వాటంతటవే నడిచే కాల్‌బ్యాక్‌లూ ఏవీ చూడదు. తొందరలో దాన్ని వాడి తర్వాత తల పట్టుకున్నవాళ్లను చూశాను.

మీ కాలేజీలో కొందరు జాంగోలో చేస్తున్నారన్నావు కాబట్టి ఒక ముక్క. అక్కడ టేబుల్ మొత్తానికి సంబంధించిన పనిని మేనేజర్‌లో (మామూలుగా '.ఆబ్జెక్ట్స్' అని పిలిచేది అదే), ఒక్క వరుస పనిని మోడల్ మెథడ్‌లో పెట్టమని జాంగో డాక్యుమెంటేషనే చెప్తుంది. ఒక వరుస మీద '.ఆబ్జెక్ట్స్' అని అడిగితే కుదరదని ఎర్రర్ ఇస్తుంది కూడా.

ఏ చిట్టీతోనూ, టేబుల్‌తోనూ పని లేని మెథడ్ ఎదురైతే, ఉదాహరణకు క్వింటాళ్లను బస్తాల్లోకి మార్చేది, దాన్ని బలవంతంగా స్లిప్‌లో ఇరికించకు. వేరే మాడ్యూల్‌లో పెట్టుకో.

ఇప్పుడు నీ ప్రాజెక్టులో రైల్స్ కన్సోల్ తెరిచి, నీ మోడల్ పేరు పక్కన 'ఇన్‌స్టాన్స్_మెథడ్స్(ఫాల్స్)' అని, తర్వాత 'మెథడ్స్(ఫాల్స్)' అని కొట్టి చూడు. రైల్స్ సొంతవి కొన్ని కలిసి వచ్చినా, నువ్వు రాసినవి ఏ వైపు పడ్డాయో కనిపిస్తుంది. ఇంకా ఎర్రర్ వస్తుంటే 'ఫర్' తర్వాత ఏముందో, ఏ లైన్‌లో పిలిచావో కింద కామెంట్‌లో పెట్టు, చూసి చెప్తాను.