ఆ యూరియా పల్లికా, కలుపుకా?

రాజేంద్రనగర్, హైదరాబాద్

అల్లుడికి ఆశీస్సులు.

యాసంగి పల్లికి ఎకరానికి ఇంకో బస్తా యూరియా వేయనా అని అడిగావు. వద్దు. పల్లి వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. పైగా పల్లి మొదటి నెలంతా నిదానంగా పెరుగుతుంది. నువ్వు అదనంగా పోసింది ముందు గరిక, తుంగ లాంటి కలుపు మొక్కలు తింటాయి. మిగిలింది పల్లికి అందినా ఆకు గుబురవుతుంది తప్ప కాయ పెరగదు.

విత్తేటప్పుడు ఎకరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు, పొటాష్ 33, యూరియా 18 చాలు. భూసార పరీక్ష కాగితం ఉంటే దాని లెక్కే వాడు. సూపర్ దొరకలేదని డీఏపీ తెచ్చుకోకు. అందులో భాస్వరం ఉంటుంది కానీ, గింజలో నూనెకు కావాల్సిన గంధకం ఉండదు. ఎరువు గింజకు తగలకుండా రెండంగుళాలు పక్కకు, లోతుకు పడాలి. చేనంతా చల్లితే సాళ్ల మధ్య కలుపుకు వడ్డించినట్టే. మాగని పెంట కూడా తోలకు, కలుపు గింజలు దాంట్లోనే వస్తాయి.



విత్తిన 48 గంటల్లోపు పెండిమిథాలిన్ 30 శాతం కలుపు మందు లీటరు నుంచి లీటరుంబావు, 200 లీటర్ల నీళ్లలో కలిపి కొట్టు. నేలలో పదును (తడి) ఉండాలి. ఎండిన పెళ్లల మీద కొడితే మందు డబ్బులు దండగ. వెనక్కి నడుస్తూ కొడితే మందు పడ్డ చోటు తొక్కవు. తుంగ మాత్రం దీనికి లొంగదు, గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. గడ్డతో సహా తవ్వించాల్సిందే.

20-25 రోజులకు సాళ్ల మధ్య దంతె (కలుపు తీసే గుంటక) తోలి, మొక్కల మధ్య చేత్తో తీయించు. కూలీలు దొరక్కపోతే ఇమాజితాపిర్ 10 శాతం మందు ఎకరానికి 300 మిల్లీలీటర్లు. కలుపు రెండు మూడాకుల మీద ఉన్నప్పుడే కొట్టాలి, ముదిరితే ఆకు మాడి మళ్లీ చిగురిస్తుంది. 30 రోజులప్పుడు వేసే 9 కిలోల యూరియా ఈ కలుపు తీశాకే. చాలామంది ముందు యూరియా వేసి, వారానికి కూలీలను పెడతారు. ఆ వారంలో కలుపు మోకాలెత్తు లేస్తుంది.

40-45 రోజులకు ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగుతున్నప్పుడు, కాల్షియం కోసం ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గరే వేసి మట్టి ఎగదోయించు. కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి పొట్టు ద్వారానే తీసుకుంటుంది, వేరు తెచ్చివ్వదు. సాళ్ల మధ్య చల్లితే చివరికి తాలుకాయలే. ఆఖరి దంతె కూడా ఆ రోజే తోలించి, వెంటనే తడి పెట్టు. ఆ తర్వాత చేన్లో దంతె దింపొద్దు, ఊడలు తెగుతాయి. కలుపు కనిపిస్తే చేత్తోనే పీకించు.

ఇట్లు,
మీ మామ