తుపాకీ గుండుకు చుట్టే గుడ్డకు కుట్టుమిషన్ ఆయిల్ చాలదా?

చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో మూతిలోంచి మందూ, జిడ్డు గుడ్డ చుట్టిన గుండూ కూరే పాత తుపాకులు చూసి, ఆ గుడ్డకు కుట్టుమిషన్ ఆయిల్ చాలదా అని అడిగారు కదా, చాలదు. బ్లాక్ పౌడర్ (ఆ తుపాకుల్లో వాడే నల్ల మందు) కాలాక బరువులో సగానికి పైగా మడ్డిగా మిగులుతుంది. పెట్రోలియం నూనె తగిలితే అది తారులా గట్టిపడి తర్వాతి గుండును దిగనివ్వదు. జంతువుల కొవ్వు, తేనెమైనం, ఆముదం లాంటివైతే మెత్తగానే ఉంటుంది. ఉప్పు కలిసిన కొవ్వు వద్దు, తుప్పు పడుతుంది. నింపగానే కాల్చే పోటీల్లో ఉమ్మితో తడిపినా సరిపోతుంది (నిజంగానే చేస్తారు!). విదేశాల్లో వేటకు వెళ్లేవాళ్లు గంటల తరబడి నింపి ఉంచుతారు; ఆ తడి మందుకు పట్టి పేలకపోవచ్చు, అప్పుడు కొవ్వే మేలు. చెన్నై మే ఎండకు ఉత్త కొవ్వు కారిపోతుంది కాబట్టి తేనెమైనం వాటా పెంచాలి. గుడ్డ నూలుదైతే మంచిది. అన్నట్టు, మన దేశంలో ఈ తుపాకులకూ లైసెన్సు ఉండాల్సిందే.