తలుపు వేశాకే అడుగు

చిట్టితల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

బ్లడ్ బ్యాంకులో చేరావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు అదే పని చేసినవాణ్ణి, నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేను.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా... ఈ ఐదు పరీక్షలూ ప్రతి బ్యాగుకీ తప్పనిసరి. కిట్లు వాడడం నెలలో వచ్చేస్తుంది. నా టెన్షనంతా నువ్వు డోనర్ చేత ఫారం నింపించే ఆ పది నిమిషాల గురించే. వైరస్ ఒంట్లోకి చేరిన మొదటి రోజుల్లో ఏ కిట్టూ పట్టుకోలేదు. వైరస్‌తో పోరాడ్డానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలని చూసే ఎలైజా పరీక్షకి హెచ్‌ఐవీ మూడు వారాల దాకా దొరక్కపోవచ్చు. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే న్యాట్ పరీక్ష ఉన్నచోట ఆ గడువు తగ్గుతుంది గానీ సున్నా కాదు. హెపటైటిస్ సి యాంటీబాడీకైతే రెండు నెలలు పట్టినా పడుతుంది. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఎన్ని బ్యాగులో లెక్కేసుకో. కిట్టుకి దొరకని ఆ రోజుల సంగతి డోనర్ నోటినుంచే రావాలి.

ఊరికే రాదు. ఒకసారి మేనమామ ఆపరేషన్‌కి రీప్లేస్‌మెంట్, అంటే వాడే రక్తానికి బదులు రక్తం, ఇస్తానని ఓ కుర్రాడు వచ్చాడు. వెనకాల నలుగురు చుట్టాలు. అన్నిటికీ "లేదండీ" అంటున్నాడు గానీ, మండుటెండలో పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టేశాడు. బీపీ చూడాలని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాను. చొక్కా చెయ్యి మడిస్తే పచ్చబొట్టు, పెచ్చు కూడా ఊడలేదు. జాతరలో పొడిపించుకున్నాట్ట. ఆ సూదితో వైరస్ ఎక్కి ఉండొచ్చు గనక దానికి ఏడాది ఆగాలి. "మావాళ్లతో చెప్పకండి సార్" అన్నాడు. బయటికొచ్చి "ఈయన ఇవాళ ఇవ్వకూడదు, ఇంకొకర్ని పంపండి" అని ఊరుకున్నాను.

"చెడు అలవాట్లున్నాయా" అంటే ఎవరూ ఉన్నాయనరు. ఈమధ్య కొత్తవాళ్లతో శారీరకంగా కలిశారా, డాక్టరు కాక ఇంకెవరైనా సూది వేశారా, మలేరియాకి మందులు వాడారా అని ఒక్కొక్కటే, తప్పుపట్టని గొంతుతో అడుగు. హెచ్‌ఐవీ టెస్టు ఉచితంగా అవుతుందని వచ్చేవాళ్లూ ఉంటారు. విసుక్కోకుండా ఐసీటీసీకి, అదే ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి పంపు, అక్కడా ఉచితమే.

కిట్టులో ఒక్కసారి రియాక్టివ్, అంటే పాజిటివ్‌లా, వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. బ్యాగు మాత్రం పక్కన పెట్టాల్సిందే. డోనర్‌ని రమ్మను, ఫోన్లో ఏమీ చెప్పకు. ఒకసారి ఫోనెత్తిన తండ్రితో "మీ అబ్బాయి రిపోర్టు గురించి" అని నోరు జారాను. ఆ అబ్బాయి మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. మందులు మొదలుపెట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ
పెద్దనాన్న