కంప్యూటర్సా, ఎలక్ట్రికలా, పెట్రోలియమా?

ప్రశ్న: మా అబ్బాయికి కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్, పెట్రోలియం మూడింట్లోనూ సీటు వచ్చేలా ఉంది. వాడికిష్టం ఎలక్ట్రికల్. కంప్యూటర్ సైన్స్‌కైతే ఏటా లక్ష ఎక్కువ ఫీజు, అది అప్పు చేయాల్సిందే. పెట్రోలియంలో జీతాలు బాగుంటాయంటున్నారు. ఉద్యోగం దృష్ట్యా ఏది మేలు?

జవాబు: ముందు పెట్రోలియం సంగతి తేల్చేద్దాం. 2014 మధ్యలో పీపా ముడిచమురు 100 డాలర్ల పైన ఉండేది. 2016 జనవరికల్లా 30 లోపుకు పడిపోయింది. కంపెనీలు కొత్త తవ్వకాలు ఆపేసి, ఉన్నవాళ్లనే ఇంటికి పంపాయి. 2012లో జీతాలు చూసి చేరిన కుర్రాడు పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది సరిగ్గా అప్పుడే! సీటు తీసుకునేది ఇవాళ్టి మార్కెట్ చూసి, ఉద్యోగం వెతుక్కునేది నాలుగేళ్ల తర్వాత. 2000 తర్వాత డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఈ దెబ్బ తిన్నవాళ్లే.

అందుకే మొదటి జీతం కంటే, ఆ చదువు ఎన్నిచోట్ల పనికొస్తుందో చూడమంటాను. ఎలక్ట్రికల్ వాళ్లకు విద్యుత్ సంస్థలున్నాయి, ఫ్యాక్టరీ ఆటోమేషన్, చిప్ డిజైన్, బ్యాటరీ వాహనాలు ఉన్నాయి. కోడింగ్ నేర్చుకుంటే సాఫ్ట్‌వేర్‌లోకీ వెళ్లొచ్చు. అటు నుంచి ఇటు రావడమే కష్టం.

ఇక అప్పు. ఏటా మొదట్లో లక్ష చొప్పున 10 శాతానికి తీసుకుంటే, బారువడ్డీ వేసినా చదువు పూర్తయ్యేసరికి 4 లక్షలు 5 లక్షలవుతాయి. దాన్ని ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,600 ఈఎంఐ. కట్టలేమని కాదు. కానీ ఈఎంఐ లేని కుర్రాడు మంచి ఉద్యోగం కోసం ఆరు నెలలు ఆగగలడు. ఉన్నవాడు ఏది దొరికితే దాంట్లో చేరిపోవాలి. ఈ తేడా ఏ లెక్కలోనూ కనిపించదు.

కాబట్టి ఎలక్ట్రికల్‌కే నా ఓటు, మొదటి ఏడాది నుంచే ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోవాలన్న షరతుతో. ఫీజులు సమానంగా ఉండి, వాడికి కోడింగ్ మీద ఇష్టం ఉంటే కంప్యూటర్సే చెప్పేవాణ్ణి.

డబ్బు కట్టేముందు కాలేజీకి మీరే వెళ్లండి. బ్యానర్ మీద పెద్ద ప్యాకేజీ వేస్తారు, అది ఒక్కరిది. ఈ బ్రాంచ్‌లో కిందటేడు ఎంతమంది చదివారు, అందులో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, జీతాల వరుసలో సరిగ్గా మధ్యన ఉన్నవాడికి ఎంత వచ్చింది అని అడగండి. కాగితం మీద రాసివ్వమనండి. నీళ్లు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి.